విమానాశ్రయానికి ప్రత్యేక ఎక్స్‌ప్రెస్ రైలు కావాలా, మామూలు రైలు మార్గంలో ఒక స్టేషన్ చాలదా?

చర్చ ప్రారంభించినవారు:
విమానాశ్రయాన్ని నగరంతో కలిపే రైళ్లు రెండు రకాలుగా కనిపిస్తున్నాయి. ఒకటి, నగర కేంద్రం నుంచి మధ్యలో ఆగకుండా, ఎక్కువ ఛార్జీతో నడిచే ప్రత్యేక రైలు. రెండవది, రోజూ అందరూ ఎక్కే రైళ్లే విమానాశ్రయం మీదుగా సాగిపోవడం. నా మొగ్గు మొదటిదాని వైపే. 1998లో మొదలైన హీత్రూ ఎక్స్‌ప్రెస్ హీత్రూ విమానాశ్రయం నుంచి లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కు 15 నిమిషాల్లో చేరుస్తుంది. సామానుతో, విమానం తప్పిపోతుందేమోనన్న ఆందోళనతో వెళ్లేవారికి ఆ నిశ్చింత ఎంతో విలువైనది కాదా?

మొదటి సమాధానం:
విలువైనదే, కానీ ఆ 15 నిమిషాలు పాడింగ్టన్ వరకే. అక్కడికి దగ్గరలోనే ఇల్లో పనో ఉన్నవారు కొద్దిమందే. మిగిలినవారంతా పెట్టెలు ఈడ్చుకుంటూ మరో రైలు మారవలసిందే. 2022లో ప్రారంభమైన ఎలిజబెత్ లైన్ అనే మామూలు రైలు మార్గం అదే హీత్రూ నుంచి బయలుదేరి, పాడింగ్టన్ దాటి, నగరం కింది సొరంగంలో తూర్పు వైపుకు నేరుగా తీసుకువెళుతుంది. రైలు వేగాన్ని కాక, ఇంటి గుమ్మం నుంచి విమానాశ్రయ ద్వారం వరకు పట్టే సమయాన్ని లెక్కించాలని నేను పట్టుబట్టేది అందుకే. అయస్కాంత బలంతో తేలుతూ నడిచే షాంఘై మాగ్లెవ్ రైలు సుమారు 30 కిలోమీటర్ల దూరాన్ని మొదట్లో గంటకు 431 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో ఎనిమిది నిమిషాల లోపే దాటేది. అయినా అది నగరం నడిబొడ్డుకు చేరకుండా లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్‌లోనే ఆగిపోవడంతో, అక్కడ మెట్రో ఎక్కేసరికి ఆదా అయిన సమయంలో చాలా భాగం కరిగిపోతుంది.

స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌ను చూడండి. 1980లో తెరిచిన విమానాశ్రయ స్టేషన్ దేశపు ప్రధాన రైలు మార్గం మీదే ఉంది కాబట్టి, వింటర్‌థూర్, సెయింట్ గాలెన్ వైపు వెళ్లే దూర ప్రాంతపు రైళ్లు కూడా అక్కడ ఆగుతాయి. విమానం ఎక్కనివారు కూడా ఆ రైళ్లను నింపుతారు. అందువల్లే అవి అంత తరచుగా నడవగలుగుతున్నాయి. విమాన ప్రయాణికుల మీదే ఆధారపడే రైలుకు ఆ వెసులుబాటు లేదు. టొరంటోలో 2015లో మొదలైన ప్రత్యేక రైలు ఆశించినంతగా నిండకపోవడంతో, ఏడాది తిరగకముందే 27.50 డాలర్ల టికెట్‌ను 12 డాలర్లకు తగ్గించారు. ఆ తరువాతే జనం ఎక్కడం మొదలుపెట్టారు.

ఇంకొక మాట, ఇది నన్ను ఎక్కువగా బాధించేది. విమానాశ్రయానికి రోజూ రెండుసార్లు ప్రయాణించేవారు అక్కడ పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు, సామాను మోసేవారు, భద్రతా సిబ్బంది. ప్రత్యేక రైలు ఛార్జీని నిర్ణయించేటప్పుడు వారిని లెక్కలోకి తీసుకోకపోతే, తెల్లవారుజామున విధులకు రావలసినవారికి ఆ పట్టాలు ఉన్నా లేనట్టే.

రెండవ సమాధానం:
సిబ్బంది విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే రద్దీ వేళ మామూలు రైలులో పెద్ద పెట్టెతో నిలబడడం కష్టం. దూరాన ఎక్కడో రైలు ఆలస్యమైతే ఆ ప్రభావం విమానాశ్రయం దాకా పాకుతుంది. హాంకాంగ్‌లో నగర స్టేషన్‌లోనే సామాను అప్పగించే సౌకర్యం, విమానాశ్రయానికే అంకితమైన రైలు ఉండడం వల్లనే వీలైంది.

మొదటి సమాధానం రాసినవారు:
హాంకాంగ్ సౌకర్యం నిజంగా గొప్పది, దాన్ని తక్కువ చేయను. పెట్టెల ఇబ్బందిని మాత్రం తలుపుల దగ్గర ఖాళీ స్థలం వదిలిన బోగీలతో చాలావరకు తీర్చవచ్చు. ఆలస్యానికి విరుగుడు, వెనకే మరో రైలు ఉండడం. అసలు చిక్కు నిర్మాణంలో ఉంది. టెర్మినల్ కింద పట్టాలు గోడకు తగిలి ఆగిపోయేలా కట్టాక, వాటిని ముందుకు పొడిగించడం ఎంతో ఖర్చుతో కూడిన పని. పారిస్‌లోని చార్ల్ ద గాల్ విమానాశ్రయంలో 1994లో తెరిచిన హైస్పీడ్ స్టేషన్‌కు రెండు వైపులా మార్గం ఉండడం వల్లనే, లీల్ నుంచి లియోన్ వైపు వెళ్లే రైళ్లు పారిస్ నగరంలోకి వెళ్లకుండానే అక్కడ ఆగి సాగిపోతున్నాయి. మీరు ప్రత్యేక రైలునే ఎంచుకున్నా సరే, ఆ రెండవ వైపు దారిని మాత్రం నక్షాలోనే తెరిచి ఉంచమని కోరుతున్నాను.