కారు చౌడులో ‘కారు’ నలుపా, క్షారమా?

తెనాలి మిత్రులొకరు పైన అడిగారు: క్షారానికి వికృతి కారం కదా, కారు చౌడు అంటే క్షారపు చౌడేనా అని. గుంటూరులో కారం అనగానే మిరపకాయే గుర్తొస్తుంది కానీ, ప్రశ్న మంచిదే.

నా లెక్కలో ఇది నలుపే. కారం అయితే సమాసంలో ‘కారపు’ అవ్వాలి, కారప్పొడి, కారప్పూస లాగా. ఇక్కడున్నది కారుమబ్బులో, కారుచీకటిలో ఉన్న కారు. దీని జంటమాట పాల చౌడు. పొన్నూరు వైపు కాలవ చివరి భూముల్లో మా తాతగారు రెండిటినీ కంటితోనే చెప్పేసేవారు. ఎండాకాలం తెల్లగా ఉప్పు పేరితే పాల చౌడు. నల్లగా జిగటగా ఉండి, పైన నిలిచిన నీళ్లు కాఫీ రంగుకి తిరిగితే కారు చౌడు. ఆ నలుపుకి కారణం మళ్లీ క్షారమే! మట్టిలో కుళ్లిన ఆకు సారాన్ని సోడా, అంటే సోడియం కార్బొనేటు అనే క్షారం, కరిగించి పైకి తెస్తుంది. అంటే మిత్రులు మాట పుట్టుకలో పొరబడ్డారేమో గానీ, విషయంలో కాదు.

పాల చౌడుని మంచినీళ్లు పెట్టి, మురుగు కాలవలోకి వదిలి కడిగేస్తారు. కారు చౌడు కడిగితే పోదు, జిప్సం వేయాలి.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, రైతు ఇంత స్పష్టంగా విడదీసిన దాన్ని మనం సరస్సుల దగ్గర కలిపేస్తున్నాం. రాజస్థాన్‌లోని సాంభర్ నుంచి తీసేది వంట ఉప్పు. మహారాష్ట్రలోని లోనార్ సోడా సరస్సు, దాని పీహెచ్ (నీళ్లు ఎంత క్షారమో చెప్పే లెక్క, 7 దాటితే క్షారం) 10 దరిదాపుల్లో ఉంటుంది. 2020లో గులాబీ రంగుకి మారింది అదే, ఉప్పుని తట్టుకునే సూక్ష్మజీవుల వల్ల. రెండిటినీ ‘ఉప్పునీటి సరస్సు’ అనే రాస్తున్నాం.

రెండిటికీ నీళ్లు బయటికి పోయే దారి లేదు. ఆవిరైపోయేది నీరు, మిగిలేది లవణం. అయితే ఏ లవణం? వచ్చే నీళ్లలో కాల్షియం సరిపడా ఉంటే కార్బొనేటుని పట్టుకుని సున్నంగా అడుక్కి దిగుతుంది, చివరికి ఉప్పు మిగులుతుంది. కాల్షియం ముందే అయిపోతే సోడా మిగులుతుంది. పొలంలో జిప్సం చేసే పని కూడా ఇదే, లోటుగా ఉన్న కాల్షియాన్ని అందించడం. బతికే జీవాలూ మారతాయి; స్పైరులినా లాంటి నాచుకి సోడా నీళ్లే ఇష్టం.

అందుకే లోనార్‌ని ‘చౌటి సరస్సు’ అందామని నా ప్రతిపాదన.

కింద విజయవాడ వారు కొల్లేరు సంగతి అడిగారు. అది ఈ రెండు రకాల్లోనూ చేరదండి, మంచినీటి సరస్సు. మీ బుడమేరు దిగేది అందులోకే. దానికి సముద్రంలోకి దారి ఉంది, ఉప్పుటేరు. పైనుంచి వచ్చే నీళ్లు తగ్గినప్పుడు పోటు నీళ్లు ఆ దారినే ఎదురెక్కి వస్తాయి. అప్పుడు అక్కడివాళ్లు చౌడు అనరు, నీళ్లు ఉప్పెక్కాయంటారు.