మా పిల్లి లిట్టర్ వదిలేసి బాత్రూంలో కూర్చుంటున్నాడు: డాక్టరా, రెండు రోజులు ఆగడమా?

బంగారం_నాన్న: మూడేళ్ళ మగ పర్షియన్ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. నిన్నటి నుంచి లిట్టర్ ట్రే (ఒంటికీ రెంటికీ పెట్టిన ఇసుక తొట్టి) మానేసి బాత్రూం జాలీ దగ్గర కూర్చుంటున్నాడు. మా ఆవిడ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామంటోంది. పోయిన వారమే లిట్టర్ మార్చాం కాబట్టి అలకేమోనని నా అనుమానం. రెండు రోజులు చూడొచ్చా?

గోడమీదపిల్లి: అలకే. మాదీ ఇంతే, పాత లిట్టర్ పోయగానే దారికొచ్చింది. ప్రతిదానికీ బుట్టలో పెట్టి ఆటో ఎక్కిస్తే ఆ టెన్షన్‌కే కొత్త జబ్బు పట్టుకుంటుంది.

పాలగిన్నె: అన్నా, కూర్చుంటున్నాడు సరే, పోస్తున్నాడా? మన బాత్రూం నేల ఎప్పుడూ తడే, జాలీ దగ్గర పోశాడో లేదో ఎలా తెలుస్తుంది? మావాడు ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని నెయ్యి నాకించాను. తెల్లారేసరికి వాంతులు, మూల చేరి కదల్లేదు. మూత్రనాళం మూసుకుపోయిందట. మత్తిచ్చి సన్నని గొట్టం వేసి తీశారు. మగవాటికి ఆ దారి చాలా ఇరుకు, చిన్న స్ఫటికాల ముద్ద చాలు అడ్డుపడటానికి. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. మీరు ఆగుదామంటున్నది సరిగ్గా ఆ రెండు రోజులే.

గోడమీదపిల్లి: ఒక్క కేసు చెప్పి అందరినీ భయపెట్టకండి. తోక లేపి నిలబడి గోడ మీద చిమ్మితే అది హద్దు గీసుకోవడం. దానికీ అర్ధరాత్రి పరుగెత్తాలా?

పాలగిన్నె: అక్కర్లేదు. ఆడపిల్లికి అడ్డుపడటం అరుదు, అదీ ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ ఉన్నది మగవాడు, చిమ్మట్లేదు, కూర్చుంటున్నాడు.

ముసలిపిల్లి_అమ్మ: మా పన్నెండేళ్ళదానిది దీనికి తిరగబడిన కథ. లిట్టర్‌లో మూత్రానికి గడ్డకట్టే ముద్దలు పెద్దవయ్యాయి, నీళ్ళ గిన్నె రోజుకు రెండుసార్లు ఖాళీ. పరీక్షిస్తే కిడ్నీలు. రాత్రికి రాత్రి వెళ్ళాల్సిన పని కాదు గానీ నెలలు నాన్చేదీ కాదు.

బంగారం_నాన్న: బార్లీ నీళ్ళు పట్టమంటారా?

పాలగిన్నె: వద్దు. దారి మూసుకుపోయి ఉంటే నీళ్ళు పోసినకొద్దీ మూత్రాశయం ఉబ్బుతుంది. పొట్ట నొక్కి చూడకండి. నొప్పి అని పారాసెటమాల్ అస్సలు వేయొద్దు, పిల్లికి అది విషం. బాత్రూం తలుపేసి, పొడి నేల మీద పాత పేపర్ పరిచి ఒక్క గంట చూడండి.

బంగారం_నాన్న: నాలుగుసార్లు కూర్చున్నాడు. పేపర్ మీద గులాబీ రంగు చుక్క ఒక్కటే. వెనక నాక్కుంటూ అరుస్తున్నాడు. బయల్దేరుతున్నాం. రాత్రి తెరిచి ఉండే క్లినిక్‌కి ఫోన్ చేశాం, వెంటనే రమ్మన్నారు.

గోడమీదపిల్లి: వెళ్ళండి, ఇక్కడ నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వచ్చేటప్పుడు పాత లిట్టర్ కూడా ఒక సంచి తెచ్చుకోండి.