డబ్బు కట్టి కొన్న ఆట పాత విండోస్‌లో తెరుచుకోవడం లేదు. నాన్నగారు పదేళ్లుగా కట్టిన ఊరు అందులో ఉంది

లంకగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర లంక ఊరు. మా నాన్నగారు రైసు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 71 ఏళ్లు. ఆయనకున్న కాలక్షేపమల్లా కంప్యూటర్లో ఊరు కట్టే ఆట. 2015లో నేనే నా డెబిట్ కార్డు మీద 499 రూపాయలు కట్టి ఆన్‌లైన్లో కొనిచ్చాను. అప్పట్నుంచీ ఒకటే ఊరు కడుతున్నారు. మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చి, మూడింటికల్లా కూర్చుంటారు. కాలవకి అటూ ఇటూ రోడ్లు, వంతెన దిగగానే బడి, ఊరి చివర మిల్లు. లేచే ముందు ఆ రోజు ఖజానాలో ఎంత మిగిలిందో ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తారు. మిల్లులో చిట్టా రాసినట్టే, ఎడం వైపు జమ, కుడి వైపు ఖర్చు, కింద నిలవ. అలాంటి పుస్తకాలు నాలుగు నిండాయి.

కంప్యూటర్ 2011లో భీమవరంలో కొన్నాం. విండోస్ 7, రెండు జీబీ ర్యామ్. 2022 జూలైలో గోదారి ముంచెత్తినప్పుడు బియ్యం బస్తాల కంటే ముందు దీన్నే బరకంలో చుట్టి అటకెక్కించాం.

ఆట అమ్మిన దుకాణం వాళ్లు విండోస్ 7కి సపోర్ట్ తీసేశాక కూడా ఆఫ్‌లైన్లో పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చాం. పోయిన వారం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ సైన్ ఇన్ అవ్వమంది. అవుదామంటే అప్‌డేట్ కావాలంది. అప్‌డేట్ చేద్దామంటే ఈ విండోస్‌లో కుదరదంది. ఫైళ్లన్నీ మా డిస్కులోనే ఉన్నాయి, కళ్లకి కనబడుతున్నాయి, ఆట మాత్రం తెరుచుకోదు. మెయిల్ పెడితే కొత్త విండోస్ వేసుకోమని రెండు లైన్లు రాసి ఊరుకున్నారు. నాన్నగారు రోజూ మూడింటికి గుమ్మం దాకా వచ్చి, "అయ్యిందేంట్రా?" అని అడిగి వెళ్లిపోతున్నారు. నాకు అన్నం సయించడం లేదండి. డబ్బు కట్టాక ఆ ఆట మనది కాదా? మళ్లీ ఆడించే దారి ఏదైనా ఉందా?

తణుకు మెకానిక్:
అన్నయ్యా, ముందు ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి. ఎవరేం చెప్పినా ఫార్మాట్ కొట్టించకండి. డాక్యుమెంట్స్‌లో గానీ యాప్‌డేటాలో గానీ ఆట పేరుతో ఫోల్డర్ ఉంటుంది, సేవ్ ఫైల్ అందులో వెతకండి. యాప్‌డేటా మామూలుగా కనపడదు, హిడెన్ ఫైల్స్ చూపించమని సెట్టింగ్ మార్చాలి. దొరికాక రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

గడియారంలో తేదీ చూశారా? కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పైతే సర్టిఫికెట్లు చెల్లవు, ఏ సైన్ ఇన్నూ అవదు. అది మార్చాక ఆట ఫోల్డర్లోని ఈఎక్స్ఈ, అంటే ఆటని నడిపే ఫైలు మీద నేరుగా నొక్కి చూడండి. కొన్ని ఆటలకి కాపీ కాకుండా ఆపే తాళం ఉండదు, దుకాణం యాప్ లేకుండానే తెరుచుకుంటాయి.

వాళ్లు సపోర్ట్ ఎందుకు తీసేస్తారంటే, ఆటలమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణాన్నే తీసుకోండి, దాని యాప్ లోపల క్రోమ్ ఇంజిన్ ఉంటుంది. విండోస్ 7కి క్రోమ్ 109తోనే ఆగిపోయింది. అందుకే స్టీమ్ 2024 జనవరి 1న విండోస్ 7, 8లని వదిలేసింది. ఎక్స్‌పీ, విస్టాలని 2019లోనే వదిలేసింది. లినక్స్ వేసి, అందులో విండోస్ ఆటలు నడిపే ప్రోటాన్‌తో ఆడించమని ఎవరైనా చెప్తారేమో, దానికి వల్కన్ అనే కొత్త పద్ధతి పనిచేసే గ్రాఫిక్స్ కావాలి. మీ 2011 మెషీన్ మీద ఆశ పెట్టుకోకండి.

అమలాపురం డిస్కులు:
డిస్కు మీద కొనుక్కున్నా ఇదే గొడవ తమ్ముడూ. నా దగ్గర 2000ల నాటి ఆటలు బీరువా నిండా ఉన్నాయి. ఉప్పు గాలి తగలకుండా ఒక్కోదాన్నీ కవర్లో పెట్టి దాచాను, గీత కూడా పడలేదు. 2015లో విండోస్ 10 వచ్చింది, డిస్కు కాపీ కాకుండా ఆపే సేఫ్‌డిస్క్ తాళం ఉన్నవేవీ ఆడలేదు. ఆ తాళం తాలూకు డ్రైవర్‌లో భద్రతాలోపం ఉందని మైక్రోసాఫ్ట్ తీసేసింది. లోపం నిజమే, కాదనను. మరి కొన్నవాడి సంగతేంటని ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు నేను తాళం లేకుండా ఆటలమ్మే గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోనే కొంటున్నాను. ఇన్‌స్టాలర్ దించుకుని హార్డ్‌డిస్కులో పెట్టుకుంటే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

నరసాపురం వకీలు:
ఆ దుకాణాల ఒప్పందాల్లో అమ్మకం అన్న మాటే ఉండదండి, లైసెన్స్ అనే ఉంటుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఆ సంగతి కొనేముందే స్పష్టంగా చెప్పాలని చట్టం తెచ్చారు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ప్రోగ్రామ్ చట్టబద్ధంగా మీ దగ్గరుంటే పోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. తాళం పగలగొట్టడం వేరే సంగతి. 2012లో చేర్చిన 65ఏ ప్రకారం హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో చేస్తే రెండేళ్ల దాకా జైలు. తాళం తీసేసే క్రాక్‌ల జోలికి వెళ్లకండి. మీ నాన్నగారి సేవ్ ఫైల్ మాత్రం ఆయన రాసుకున్న చిట్టాలాంటిదే, నిశ్చింతగా కాపీ చేసుకోండి.

లంకగట్టు:
మెకానిక్ తమ్ముడు చెప్పినట్టే తేదీ 2009కి పోయి ఉందండి. వాచీల కొట్లో బ్యాటరీ తెచ్చి వేశాను. తేదీ నిలబడింది గానీ ఆట తెరుచుకోలేదు, ఈఎక్స్ఈ నొక్కినా దుకాణం యాప్‌నే పిలుస్తోంది. సేవ్ ఫైల్ మాత్రం దొరికింది. పండక్కి వచ్చిన మా అక్క కొడుకు ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. అందులో మా అకౌంట్‌తో ఆట దించి, ఆ ఫైల్ పెట్టాం. పాస్‌వర్డ్ నాన్నగారి మొదటి పుస్తకం వెనక పేజీలో దొరికింది.

ఊరు వచ్చింది. నాన్నగారు మౌస్ ముట్టుకోకుండా ముందు పుస్తకం తెప్పించుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆఖరి పేజీలో నిలవ, తెర మీద ఖజానా ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశారు. రూపాయి తేడా లేదు. కనుమ వెళ్లాక వాడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లిపోతాడు. భీమవరంలో గానీ తణుకులో గానీ విండోస్ 11 నడిచే సెకండ్ హ్యాండ్ మెషీన్ మంచిది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.