దండెం తీగకు తేనెపిట్ట గూడు: గోడకు రంగులు వేయించడం ఎన్నాళ్ళు ఆపాలి?

పెరటిగుమ్మం (సీతమ్మధార):

మాది విశాఖపట్నం సీతమ్మధారలో పాత డాబా ఇల్లు. పెరట్లో ఒక మందారం, రెండు నూరువరహాల పొదలు, గోడవారగా ఒక కరివేపాకు చెట్టు ఉన్నాయి. పదిహేను రోజుల క్రితం పడమటి గోడకు కట్టిన దండెం తీగ చివర, ఎప్పుడో మరిచిపోయి వదిలేసిన బట్టల క్లిప్పు దగ్గర, ఏదో చెత్త పట్టుకుని వేలాడుతున్నట్టు కనిపిస్తే చీపురుకట్టతో దులపబోయాను. మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. పరీక్షగా చూస్తే అది గూడు. సుమారు జానెడు పొడవున సంచిలా వేలాడుతోంది. ఎండుటాకుల తునకలు, చెట్టు బెరడు పొట్టు, పీచు, అన్నిటినీ కలిపి పట్టి ఉంచుతూ సాలెగూటి పోగులు.

కట్టిన పిట్ట నా బొటనవేలి కంటే కాస్త పెద్దదంతే. స్నానాలగది వెంటిలేటర్ ముందు రెక్కలాడిస్తూ గాలిలో ఒక్క క్షణం నిలబడి, అక్కడి బూజును వంకర ముక్కుకు చుట్టుకుని, తిన్నగా దండెం మీదికి వెళ్ళి గూటి పైభాగాన అద్దడం నేను కళ్ళారా చూశాను. పండగకు బూజు దులపలేదని ఇంట్లో నేను పడిన మాటలకు ఆ ఒక్క దృశ్యంతో బదులు దొరికింది.

ఇక చిక్కు ఏమిటంటే, సింహాచలం చందనోత్సవానికి రాజమండ్రి నుంచి మా బంధువులు వస్తారు. ఆలోగా ఇంటికి రంగులు పూర్తి కావాలని మేస్త్రికి బయానా కూడా ఇచ్చాము. పరంజా ముందుగా కట్టవలసింది ఆ పడమటి గోడకే. మేస్త్రి మాత్రం తీగను కత్తిరించి గూటితో సహా మందారం కొమ్మకు కట్టేద్దామంటున్నాడు. ఉగాది నాటి నుంచి, అంటే నాలుగు రోజులుగా, పిట్ట ఎక్కువసేపు గూటిలోనే ఉంటోంది; గుమ్మంలోంచి ముక్కు మాత్రమే బయటికి కనిపిస్తుంది. దాని గొంతు తెల్లగా, రొమ్ము పసుపుగా ఉంది. ఇది ఏ పిట్ట? గూడు జరపవచ్చా? జరపకూడదంటే ఎన్నాళ్ళు ఆగాలి?

కొండవాలు (అడవివరం):

గొంతు తెల్లగా, రొమ్ము పసుపుగా ఉన్నదంటే అది తేనెపిట్టల్లో ఊదా నడుము రకపు ఆడపిట్ట అయి ఉండాలి. మన ఊరి పెరళ్ళలో తరచుగా కనిపించే తేనెపిట్టలు రెండు రకాలు. రెండో రకంలో మగది ఈ రోజుల్లో ఒళ్ళంతా నీలి నలుపుగా, ఎండ తగిలినప్పుడు ఊదాగా మెరుస్తుంది. దాని ఆడపిట్టకు గొంతు నుంచి పొట్ట దాకా ఒకటే పసుపు ఛాయ ఉంటుంది. మీ పిట్ట జోడును గమనించండి. నడినెత్తిన పచ్చని మెరుపు, గొంతున ఊదా మెరుపు, వీపున ముదురు ఎరుపు, పొట్ట పసుపు ఉన్న మగపిట్ట దగ్గరలో తిరుగుతుంటే ఇక సందేహం అక్కరలేదు.

గూడు జరపవద్దు. తల్లిపిట్ట తన గూడు ఉన్న చోటుకే తిరిగి వస్తుంది తప్ప గూడును వెతుక్కుంటూ పెరడంతా తిరగదు. మనకు మూడడుగుల దూరమే అయినా దానికి ఆ గూడు మాయమైనట్టే. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిపక్షుల గూళ్ళను, గుడ్లను చెదరగొట్టడాన్ని కూడా వేట అనే మాట కిందికే తెచ్చింది. ఆ సంగతి మీ మేస్త్రికి మెల్లగా చెప్పండి. భయపెట్టడానికి కాదు, మళ్ళీ ఇంకో ఇంట్లో ఇదే సలహా ఇవ్వకుండా.

రోజుల లెక్క చూద్దాము. ఈ రకం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. పొదగడానికి పద్నాలుగు నుంచి పదహారు రోజులు, పిల్లలు గూడు విడిచి ఎగరడానికి మరో పదిహేడు రోజుల వరకు పడతాయి. ఉగాదినాడే గుడ్లు పెట్టిందనుకుంటే మొత్తం ముప్పై రెండు, ముప్పై మూడు రోజులు. చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి చందనోత్సవం జరిగే వైశాఖ శుద్ధ తదియకు కూడా దాదాపు అన్నే రోజులు! అయితే ఈ ఆడపిట్ట గుడ్లు పెట్టడానికి ముందు మూడు నాలుగు రోజులు ఖాళీ గూటిలోనే పడుకోవడం కూడా ఉంది కాబట్టి, మీ లెక్క ఉగాది నుంచి కాక ఇప్పటి నుంచే మొదలుకావచ్చు. ఎటు చూసినా పండగలోపు ఆ గోడ మీకు దక్కదు. మిగిలిన మూడు వైపులా ముందు కానిచ్చుకుని, పడమటి గోడను పండగ తరువాతకు వదిలేయండి. అక్కడ పాత రంగు గీకడం, ఎమరీ పేపర్ రుద్దడం కూడా ఇప్పుడు వద్దు; పిట్టకు రంగు వాసన కంటే ఆ దుమ్ము, ఆ చప్పుడు ఎక్కువ ఇబ్బంది.

నూరువరహాలు (గాజువాక):

మా ఇంట్లో కిందటేడు ఇలాగే గూడు కట్టింది కానీ చీమలు పట్టి పిల్లలు దక్కలేదు. దండెం రెండు చివర్లా చీమల మందు సుద్దతో గీత గీయండి. దగ్గరలో ఒక చిప్పలో పంచదార నీళ్ళు పెడితే తల్లి దూరం వెళ్ళే పని ఉండదు.

లికుజిట్ట (ఎం.వి.పి. కాలనీ):

గాజువాక వారు మంచి ఉద్దేశంతోనే చెప్పారు, కానీ ఆ రెండు సలహాలూ ఒకదానికొకటి విరుద్ధమని మనవి చేస్తున్నాను. ఈ ఎండలకు పంచదార నీళ్ళు పూట తిరగకుండానే పులుస్తాయి. అంతకు ముందే చీమలను పిలుస్తాయి. తేనెపిట్ట అన్న పేరే మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పెద్ద పిట్టలు పూలతేనె తాగుతాయన్నది నిజమే, కానీ గూటిలోని పిల్లలకు తల్లి తెచ్చి పెట్టేది చిన్న చిన్న పురుగులు, సాలెపురుగులు. చీమల సుద్దలో ఉండేది పురుగుల మందే. ఆ మందు తగిలిన పురుగు చివరికి ఏ నోటికి చేరుతుందో ఆలోచించండి. మందారానికి పిండినల్లి పట్టిందని మందు కొట్టే అలవాటు ఉంటే ఈ నెల రోజులూ అది కూడా మానుకోవాలి. ఉత్త నీళ్ళు మాత్రం మట్టి మూకుడులో, గూటికి దూరంగా పెట్టండి.

నన్నడిగితే చీమల కంటే కాకినీ జెముడుకాకినీ ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. జెముడుకాకి పొదల వెంట నెమ్మదిగా నడిచి వచ్చి గూళ్ళలోని గుడ్లను, పిల్లలను తినేస్తుంది. మనం ఊరికే గూటి దగ్గరకు వెళ్ళి తొంగి చూస్తుంటే దానికి దారి చూపినట్టవుతుంది. కాబట్టి కిటికీలోంచే చూడండి. ఫోటోలు తీసినా ఫ్లాష్ వద్దు. చూసిన పక్షుల వివరాలు రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే గూడు కట్టిన సంగతి కూడా రాయండి, కానీ ఇల్లు గుర్తుపట్టే విధంగా గూటి ఫోటో ఎక్కడా పెట్టకండి.

దండెం మీద గూడు చూసి మీరు ఆశ్చర్యపోయారు కానీ నేను పోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో నిలబడిన చెట్లను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ మరుసటి వేసవిలో మా మేడమెట్ల కింద వేలాడే కేబుల్ తీగకు ఒక తేనెపిట్ట గూడు కట్టింది. గుమ్మం పైన చూరులాంటి చిన్న పంచ ఒకటి దింపి, లోపల జిల్లేడు దూది పరిచింది. పిల్లలు పెరిగేకొద్దీ ఆ సంచి ఉబ్బుతూ వచ్చింది కానీ ఎక్కడా చిరగలేదు. సాలెపోగు సాగుతుంది కదా, అందుకే ఆ పిట్ట దాని కోసం అంత వెతుకుతుంది. అన్నట్టు, పిల్లలు ఎగిరిన వెంటనే గూడు పీకేయకండి. అదే గూటిలో రెండోసారి గుడ్లు పెట్టడం కూడా ఉంది.

పెరటిగుమ్మం (సీతమ్మధార):

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. అడవివరం వారు చెప్పిన గుర్తులన్నీ ఉన్న మగపిట్ట రెండో రోజే కరివేపాకు చెట్టు మీద కనిపించింది. మేస్త్రి మొదట విసుక్కున్నాడు, తరువాత తూర్పు గోడకు పరంజా కట్టాడు; ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు తనే కిటికీ దగ్గర కూర్చుని పిట్ట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతున్నాడు. బట్టలు మేడమీద ఆరేసుకుంటున్నాము.

ఐదు రోజులుగా తల్లి, తండ్రి కూడా ముక్కున ఏదో కరుచుకుని వస్తున్నాయి. ఈ ఉదయం గూటి పంచ కింద రెండు పసుపు నోళ్ళు ఒకేసారి తెరుచుకోవడం చూశాను. ఐదు రోజులే అయితే చందనోత్సవం నాటికి పిల్లలు ఇంకా గూటిలోనే ఉంటాయి. పడమటి గోడ పెచ్చులూడి ఉన్నదని బంధువులకు ముందుగానే ఫోన్ చేసి చెప్పాను. లికుజిట్ట గారు రెండో కాన్పు గురించి రాసిన మాట మాత్రం ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.