14 వేల సొట్టకు క్లెయిమ్ పెట్టాలా, జేబులోంచి కట్టుకోవాలా?

మియాపూర్ వాసి:
ఆఫీసు పార్కింగ్‌లో పెట్టిన కారును ఎవరో రాసుకుంటూ వెళ్లిపోయారు. వెనక డోర్‌కు సొట్ట, బంపర్ మీద పొడవాటి గీతలు. సర్వీస్ సెంటర్‌లో టింకరింగ్, పెయింటింగ్ కలిపి 14 వేలు అవుతుందన్నారు. కారు మూడేళ్లది, 1200 సీసీ పెట్రోల్, పాలసీ జీరో డిప్రిసియేషన్ (పార్టులు పాతబడ్డాయని డబ్బు కోయకుండా ఇచ్చేది). పాత కారు అమ్మినప్పుడు దాని ఎన్‌సీబీ (క్లెయిమ్ పెట్టనందుకు వచ్చే తగ్గింపు) దీనికి మార్పించుకున్నాను కాబట్టి ఇప్పుడు 50 శాతం నడుస్తోంది. సర్వీస్ అడ్వైజర్ ‘క్లెయిమ్ పెట్టేయండి సార్, మీ చేతి నుంచి పడేది వెయ్యి రూపాయలే’ అంటున్నాడు. మా బావేమో ససేమిరా వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఉప్పల్ రింగ్ రోడ్డు:
క్లెయిమ్ పెట్టు అన్నా, ఇందులో ఆలోచించడానికేముంది? ఇన్నేళ్లుగా కడుతూనే ఉన్నావు, ఒక్క రూపాయి వెనక్కి తీసుకోలేదు. పైగా జీరో డిప్ కోసం విడిగా డబ్బు కట్టావు. అవసరం వచ్చినప్పుడు వాడుకోకపోతే ఆ పాలసీ ఎందుకు? ఎన్‌సీబీ పోతుందని భయపడి మనం ఆగుతుంటే లాభం కంపెనీకే.

తార్నాక లెక్కలు:
ఉప్పల్ అన్న కోపం అర్థమైంది, కానీ కోపంతో కాకుండా కాగితంతో చూద్దాం. పాలసీలో ప్రీమియం రెండు ముక్కలుగా ఉంటుంది. థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం) ముక్కకు రేటు కేంద్రం నిర్ణయిస్తుంది, మీరు క్లెయిమ్ పెట్టినా పెట్టకపోయినా అది మారదు. ఎన్‌సీబీ వచ్చేది రెండో ముక్క మీద, అంటే మన కారుకు జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద మాత్రమే. చాలామంది మొత్తం ప్రీమియంలో సగం పోతుందనుకుని అనవసరంగా టెన్షన్ పడతారు, ఇంకొంతమంది ఒక్క ఏడాదిదే పోతుందనుకుంటారు. రెండూ తప్పే.

క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి ఎన్‌సీబీ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే సున్నాకు వచ్చి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తగ్గింపుకు ముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకుందాం. ఇప్పుడు 6,000 కడుతున్నారు. క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌లో 6,000 ఎక్కువ కడతారు, ఆ పై ఏళ్లలో వరసగా 3,600, 3,000, 1,800, 600. మొత్తం 15,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 17,700. మీకు కంపెనీ ఇచ్చేది 14 వేలలో వెయ్యి పోను 13 వేలు. 1500 సీసీ లోపు కార్లకు ఆ వెయ్యి తప్పనిసరి కోత, పైవాటికి రెండు వేలు.

అదే కొత్త కారుకు మొదటి ఏడాదిలోనే ఇదే సొట్ట పడిందనుకోండి, ఎన్‌సీబీ ఇంకా మొదలే కాలేదు కాబట్టి ప్రతి మెట్టు ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది, అంతే. నష్టం 6,000, జీఎస్టీతో 7,080. వాళ్లు నిక్షేపంగా క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఒకే సొట్ట, ఒకే బిల్లు, అయినా మీకు చెప్పాల్సిన జవాబు వేరు, వాళ్లకు చెప్పాల్సింది వేరు. మీ బావ చెప్పిందే కరెక్ట్.

ఉప్పల్ రింగ్ రోడ్డు:
లెక్క బాగుంది కానీ అందులో ఒక ఊహ దాచిపెట్టారు. వచ్చే ఐదేళ్లూ ఆయన ఒక్క క్లెయిమ్ కూడా పెట్టడని! మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ తిరిగే మనిషి, చుట్టూ ఆటోలు, బైకులు, యూటర్న్‌లో అడ్డం వచ్చే క్యాబ్‌లు. వచ్చే ఏడాదే పెద్ద దెబ్బ తగిలి ఎలాగూ క్లెయిమ్ పెట్టాల్సి వస్తే, ఇప్పుడు కాపాడుకున్న ఎన్‌సీబీ అప్పుడు పోతుంది కదా? మీ లెక్క ప్రకారమే చూసినా అప్పుడు ఈ సొట్ట క్లెయిమ్ వల్ల అదనంగా పోయేది 7,080 మాత్రమే. ఆ పై ఏడాది జరిగినా 11,328. రెండూ 13 వేల కంటే తక్కువే.

తార్నాక లెక్కలు:
ఒప్పుకుంటున్నా, ఇది నిజమైన పాయింట్. రెండేళ్లలోపు మరో పెద్ద క్లెయిమ్ గ్యారంటీ అనుకునేవాళ్లకు ఇప్పుడు పెట్టడమే మేలు. కానీ అలా అనుకుని ఎవరు కారు నడుపుతారు?

బోడుప్పల్ టింకరింగ్:
ఇరవై ఏళ్లుగా ఇదే పని కాబట్టి చెబుతున్నా, మీ ఇద్దరూ ఆ 14 వేలను దేవుడి వాక్కు అనుకుంటున్నారు. ఇన్సూరెన్స్‌కు వేసే ఎస్టిమేట్ వేరు, క్యాష్ పనికి వేసే ఎస్టిమేట్ వేరు. క్లెయిమ్ అనగానే బంపర్ మార్చాలంటారు, క్యాష్ అంటే అదే బంపర్‌ను వేడిచేసి సరిచేసి పెయింట్ కొడతారు. సొట్ట పడిన డోర్ ఫోటోలు పట్టుకుని బయట రెండు మూడు షెడ్లలో అడగండి, బూత్ పెయింటింగ్ ఉన్న మంచి షెడ్‌లోనే 9 వేలలో అయిపోతుంది. అప్పుడు క్లెయిమ్ వల్ల మీకు మిగిలేది 8 వేలే. ఉప్పల్ అన్న చెప్పినట్టు వచ్చే ఏడాదే యాక్సిడెంట్ అయినా పోయేది 7,080 కదా, దాదాపు సమానం. యాక్సిడెంట్ ఏమీ జరగకపోతే క్లెయిమ్ పెట్టినందుకు శుద్ధ దండగ.

ఇంకో మాట. సర్వేయర్ (నష్టం చూసి లెక్కకట్టడానికి కంపెనీ పంపే మనిషి) వచ్చేలోపు పాత గీతలు కూడా ఇందులోనే కలిపేద్దాం అని ఎవరైనా అంటే వినొద్దు. దుమ్ము పట్టిన గీత, తుప్పు మొదలైన సొట్ట ఎప్పటివో సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది. ఒక్కటి అబద్ధమని తేలితే అసలు దెబ్బ మీద కూడా అనుమానం వస్తుంది. క్లెయిమ్ పెట్టాలనుకుంటే మాత్రం సర్వే అయ్యేదాకా పని మొదలుపెట్టనివ్వకండి.

కొంపల్లి కొత్త కారు:
మా ఏజెంట్ ఇంకో దారి చెప్పాడు. ఇక్కడ క్లెయిమ్ తీసుకుని, రెన్యువల్ వేరే కంపెనీలో చేయించి, ఎన్‌సీబీ ఉందని రాస్తే సరిపోతుందట.

తార్నాక లెక్కలు:
దయచేసి ఆ పని చేయకండి, మీ ఏజెంట్‌నే మార్చండి. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి నిర్ధారించుకుంటుంది. అడగకపోయినా రేపు ఐదు లక్షల క్లెయిమ్ వచ్చిన రోజు అడుగుతుంది, తప్పు చెప్పారని తేలితే ఆ క్లెయిమ్‌నే కొట్టేసే అవకాశం ఇచ్చినట్టవుతుంది. మూడు నాలుగు వేల కోసం అంత రిస్కా?

టోలీచౌకి నుంచి:
గీతల గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు కాబట్టి అసలు డబ్బు ఎక్కడ పోతుందో చెబుతాను. 2020 అక్టోబర్ వానల్లో మా వైపు కార్లు నీళ్లలో మునిగిపోయాయి, సెల్లార్లు నిండిపోయాయి. నీళ్లు తగ్గగానే కంగారుగా స్టార్ట్ చేసినవాళ్లదే పెద్ద నష్టం. ఇంజిన్‌లోకి నీళ్లు లాగి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నీళ్లు వచ్చినందుకు కాదు, మీరు స్టార్ట్ చేసినందుకు ఇంజిన్ పోయిందంటుంది కంపెనీ. జీరో డిప్ ఉన్నా అందులో ఇది రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. అది ఉన్నా సరే మునిగిన కారు తాళం తిప్పకండి, బ్యాటరీ వైరు తీయించి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కనపడేలా ఫోటోలు తీసి, టోయింగ్ పిలవండి. సెల్లార్‌లో పార్క్ చేసేవాళ్లు జూన్‌కు ముందే పాలసీ షెడ్యూల్ తెరిచి ఈ కవర్ ఉందో లేదో చూసుకోండి.

ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ (పాలసీలో కారుకు రాసే విలువ) తగ్గించి రాయించుకునేవాళ్లనూ చూశాను. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు. అప్పుడు చేతికొచ్చే డబ్బుకు లెక్క ఆ ఐడీవీయే.

ఉప్పల్ రింగ్ రోడ్డు:
దీనికి నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఆ పెద్ద క్లెయిమ్ పెట్టినప్పుడు అది కోత, ఇది కోత అని సగం కొట్టేస్తే సామాన్యుడు ఎక్కడికి పోవాలి? అందుకే నేను చిన్నదైనా వదలొద్దంటాను.

టోలీచౌకి నుంచి:
సర్వే రిపోర్ట్ కాపీ అడగండి, అది మీ హక్కు. ఏ పార్ట్‌కు ఎంత కోశారో అందులో ఉంటుంది. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

మియాపూర్ వాసి:
అందరికీ థాంక్స్. పాలసీ తీసి చూశాను, తగ్గింపుకు ముందు నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం 11,400, తార్నాక గారు అనుకున్నదానికి దగ్గరే. ఇంజిన్ ప్రొటెక్ట్ మాత్రం లేదు, మా సెల్లార్‌లోకి ప్రతి వానకూ నీళ్లొస్తాయి. సొట్ట పని రేపు బయట షెడ్‌లో ఇస్తున్నాను. పాలసీ మధ్యలో ఆ కవర్ కలుపుతారా, రెన్యువల్ దాకా ఆగాలా?

బోడుప్పల్ టింకరింగ్:
చాలావరకు రెన్యువల్‌లోనే కలుపుతారు సార్, అయినా కంపెనీకి ఫోన్ చేసి అడగండి. ఆ రెన్యువల్ తేదీ దాటనివ్వకండి. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే మీరు కాపాడుకున్న 50 శాతం మొత్తం పోతుంది.