నల్లా నీళ్లకు ఆర్వో కావాలా, యూవీ చాలా?

నిజాంపేట నాన్న:
మాది హైదరాబాద్ నిజాంపేట, అద్దె ఫ్లాటు. ఇంట్లో నాలుగేళ్ల బాబు, ఎనిమిది నెలల పాప. రెండు నెలల్లో బాబుకు మూడుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్ గారు మొదట అడిగింది నీళ్ల గురించే. ఇన్నాళ్లూ పాత కాండిల్ ఫిల్టరే మా ఇంట్లో.

మొన్న ఆదివారం ఒక కంపెనీ మనిషి వచ్చాడు. రెండు గాజు గ్లాసులు టేబుల్ మీద పెట్టి, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో తాను తెచ్చిన ఆర్వో నీళ్లు, అంటే లవణాలను కూడా ఆపే సన్నని పొరతో వడకట్టినవి, పోశాడు. కడ్డీలున్న చిన్న యంత్రం ఒకటి రెండింట్లో ముంచి స్విచ్ వేశాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగాయి, పైన మురికి నురగ తేలింది. ఆయన నీళ్లు అలాగే తేటగా ఉన్నాయి. మా అమ్మ చూసి "ఇన్నాళ్లూ పిల్లలకు ఇదా తాగించాం" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ మాత్రం మా నీళ్లకు 240 చూపించింది. మిషను 18 వేలట. ఆఫీసులో స్నేహితుడేమో మున్సిపాలిటీ నీళ్లకు ఆర్వో దండగ, లైటుతో క్రిములను చంపే యూవీ చాలంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మర్రిగూడ బిడ్డ:
అన్నా, ఆలోచించకుండా ఆర్వో పెట్టించు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. బోరు నీళ్లు చూడటానికి అద్దంలా ఉండేవి, తాగితే తియ్యగానే ఉండేవి. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌తోనే మా పెద్దనాన్న నడుము వంగిపోయింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరిగేవాడు. మా తరం వాళ్ల పళ్ల మీద ఇప్పటికీ గోధుమ రంగు చారలున్నాయి. యూవీ లైటు ఫ్లోరైడ్‌ను ఏమీ చేయదు. కాచినా పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కంటికి కనపడని దానితో పందెం కట్టొద్దు.

నీటిబొట్టు:
మర్రిగూడ సోదరుడి బాధ నిజం. కానీ నిజాంపేటకు వచ్చేది మర్రిగూడ బోరు కాదు కదండీ. నగరానికి వచ్చేవి కృష్ణ, గోదావరి, మంజీరా నీళ్లు, శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపేవి. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో వాడకాన్ని ఆపమని చెప్పింది. మామూలు ఇంటి మిషను లీటరు మంచినీళ్లకు మూడు లీటర్ల దాకా బయటికి వదులుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. ఇంటికి రోజుకు 15 లీటర్లు తీసుకున్నా 2,700 లీటర్లు మోరీలోకి పోతాయి. అంటే రెండు రోజులకో 5,000 లీటర్ల ట్యాంకర్. మార్చి వస్తే ఆ ట్యాంకర్ కోసమే గేటు దగ్గర కొట్టుకుంటాం.

ల్యాబ్ రిటైర్డ్:
నీళ్ల పరీక్షల ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. నాన్నగారూ, ముందు మీ అమ్మగారిని ఊరడించండి. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆ రంగు మీ నీళ్లది కాదు, ఆయన కడ్డీది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు కాబట్టి రంగు రాదు. ఈసారి వస్తే ఆయన గ్లాసులోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. అదీ ఎర్రబడుతుంది.

అలాగని మీ నీళ్లు మంచివని నేను అనడం లేదు. 240 అన్న అంకె నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో ఉజ్జాయింపుగా చెప్తుంది, అంతే. అందులో మురుగు కలిసిందా, ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అన్నది ఆ మీటరుకు తెలియదు. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు మూడు మిల్లీగ్రాములు ఉండొచ్చు, 900 ఉన్న నీళ్లలో అర మిల్లీగ్రాము ఉండొచ్చు. కాబట్టి 500 లోపుంటే ఆర్వో అక్కర్లేదన్న లెక్క దేశమంతటికీ సరిపోదు. ఆ మాటలో మర్రిగూడ తమ్ముడి వైపే నేను.

మీ బాబుకు వచ్చింది విరేచనాలు. అది లవణాల పని కాకపోవచ్చు, సూక్ష్మక్రిముల పని కావచ్చు. మీ కాండిల్ మట్టిని ఆపుతుంది, పాతబడి పగుళ్లు పడితే క్రిములను వదిలేస్తుంది. మిషను కొనేముందు రెండు పనులు చేయండి. మూడు చోట్ల నుంచి నీళ్లు పట్టండి: మున్సిపాలిటీ పైపు సంపులో పడే చోట, సంపులో, మీ వంటింటి నల్లా దగ్గర. హెచ్2ఎస్ సీసాలు అని చిన్న కిట్లు దొరుకుతాయి, గీత వరకు నీళ్లు పోసి వెచ్చగా ఉండే చోట పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. అలాగే మీ అపార్ట్‌మెంట్‌లో బోరు ఉంటే ఆ నీళ్లను ల్యాబుకిచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం చూపించండి.

కాలువగట్టు:
మాది కోనసీమ. మా అమ్మమ్మ కాలువ నీళ్లను కుండలో పోసి, ఇండుప గింజ అరగదీసి కలిపి తేర్చేది. తేటనీరు వంచి మసల కాచేది. మేమంతా అలాగే పెరిగాం. ఇన్ని మిషన్లు, ఇన్ని కార్ట్రిడ్జ్‌లు, ఏటా ఏఎంసి అని మరమ్మతుల ఒప్పందం ఖర్చు ఎందుకండీ? కాచిన నీళ్లను మించినది లేదు. అయితే చాలామంది గోరువెచ్చగా చేసి కాచామనుకుంటారు. పైన బుడగలు గలగలా లేచాక ఇంకో నిమిషం ఉంచాలి. కాచాక మూత పెట్టాలి, చెయ్యి ముంచి గ్లాసుతో తోడకూడదు. కాచి చల్లార్చిన బిందెలో చిన్నపిల్లాడు చెయ్యి పెడితే ఆ కాచడమంతా వృథా.

మర్రిగూడ బిడ్డ:
అక్కా, మీ కాలువలో ఇప్పుడు చేపల చెరువుల నీళ్లు, రొయ్యల చెరువుల నీళ్లు కలవడం లేదా? పొలాల మందులు కలవడం లేదా? కాస్తే అవి పోతాయా?

కాలువగట్టు:
పోవు తమ్ముడూ. ఆ మాట ఒప్పుకుంటాను. అమ్మమ్మ కాలంలో కాలువలో మట్టీ క్రిములే. ఇప్పుడు కాలువ కట్టేసే ముందు రోజుల్లో నీళ్లు పచ్చగా వస్తున్నాయి, వాసన కూడా. అయినా క్రిముల వరకు కాచడమే నమ్మకం. కరెంటు పోతే యూవీ ఆగిపోతుంది, పొయ్యి ఆగదు.

పల్నాటి కోడలు:
ఆర్వో నీళ్లలో ఖనిజాలుండవు, మోకాళ్ల నొప్పులు వస్తాయి అని మా అత్తగారు మిషను తీయించేశారు. ఇప్పుడు మళ్లీ ఉప్పు నీళ్లే తాగుతున్నాం. అది నిజమేనా అండీ?

ల్యాబ్ రిటైర్డ్:
అమ్మా, లెక్క వేసి చూద్దాం. లీటరుకు 50 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే వచ్చేది 100 మిల్లీగ్రాములు. అంత కాల్షియం ఒక చిన్న గ్లాసు పాలలో వస్తుంది. పెరుగన్నం, రాగి జావ తీసుకునే ఇంట్లో ఆర్వో వల్ల ఎముకలు అరిగిపోతాయని భయపడక్కర్లేదు. పాలూ పెరుగూ దొరకని ఇంట్లో మాత్రం నీళ్ల నుంచి వచ్చే కొంచెమూ లెక్కలోకి వస్తుంది. మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో లేదో తెలియకుండా మిషను తీయించడం మాత్రం సరికాదు. పల్నాడులోనూ కొన్ని చోట్ల ఫ్లోరైడ్ సమస్య ఉంది, కీళ్ల నొప్పులు దానివల్ల కూడా వస్తాయి.

ఖనిజాల పేరుతో జరిగే ఇంకో పొరపాటు చెప్పాలి. చాలా మిషన్లలో టీడీఎస్ అడ్జస్టర్ అని చిన్న మర ఉంటుంది. నీళ్లు చప్పగా ఉన్నాయంటే మెకానిక్ దాన్ని కొంచెం తిప్పుతాడు. అంటే మెంబ్రేన్, అదే వడకట్టే పొర, దాటని పచ్చి నీళ్లను కొంత తెచ్చి కలుపుతాడు. పచ్చి నీళ్లలో ఫ్లోరైడ్ 3, ఆర్వో నీళ్లలో 0.3 అనుకోండి. మూడో వంతు పచ్చి నీళ్లు కలిస్తే 1.2 అవుతుంది. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కోరదగిన పరిమితి 1.0. వేలు పోసి కొన్న మిషను నుంచి మళ్లీ అదే విషం కొంత గ్లాసులోకి వస్తుంది. ఫ్లోరైడ్, నైట్రేట్ ఉన్న చోట ఆ మర పూర్తిగా మూసి ఉంచాలి.

మర్రిగూడ బిడ్డ:
సార్, ఇది చదివి మా అక్క ఇంటికి ఫోన్ చేశాను. ఆమె మిషనులో ఆ మర సగం తెరిచే ఉంది. మెకానిక్ "రుచి కోసం" అన్నాడట. మూడేళ్లుగా తాగుతున్నారు. మా జిల్లా పేరుతోనే నల్గొండ టెక్నిక్ అని ఒకటి ఉందని చిన్నప్పుడు బడిలో చెప్పారు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతి. అది ఇంట్లో పనికిరాదా?

ల్యాబ్ రిటైర్డ్:
పనిచేస్తుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. పటిక, సున్నం వేసి కలిపితే తెట్టు కట్టి అడుగుకు దిగుతుంది, ఫ్లోరైడ్ దానితో పాటు దిగుతుంది. కానీ పటిక ఎంతో రోజూ కొలిచి వేయాలి, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, అడుగు బురదను ఎక్కడో పారబోయాలి. ఓపికున్న ఊళ్లో కొన్నాళ్లు నడిచి ఆగిపోయిన ట్యాంకులు నేను చూశాను. మీ ఊరికి మిషన్ భగీరథ కృష్ణ నీళ్లు క్రమం తప్పకుండా వస్తుంటే తాగడానికి అవే పట్టుకోవడం అన్నిటికన్నా మంచిది.

నిజాంపేట నాన్న:
పెద్దాయన గారు చెప్పినట్టు మూడు సీసాలు పెట్టాను. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుందని అక్కడ ఉంచాను. రెండో రోజు పొద్దున చూస్తే మున్సిపాలిటీ పైపు నీళ్ల సీసా ముందున్న రంగులోనే ఉంది. సంపు నీళ్ల సీసా తారులా నల్లబడింది. వంటింటి నల్లా సీసా కూడా నలుపే. మూత దగ్గర ముక్కు పెడితే కుళ్లిన గుడ్డు వాసన. మా ఆవిడ, నేను ఏమీ మాట్లాడుకోలేకపోయాం.

బోరు నీళ్ల రిపోర్టు కూడా వచ్చింది. టీడీఎస్ 1,100. ఫ్లోరైడ్ 0.8. నైట్రేట్ 78. మా వాచ్‌మన్‌ను అడిగితే, మున్సిపాలిటీ నీళ్లు రెండు రోజులకోసారి వస్తాయని, తక్కువైనప్పుడు బోరు నీళ్లు అదే సంపులోకి వదులుతారని చెప్పాడు. మీటరులో 240 వచ్చిన రోజు బోరు వదల్లేదన్నమాట.

ల్యాబ్ రిటైర్డ్:
నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. మీ బోరులో 78 అంటే మురుగు భూమిలోకి ఇంకుతోందని అనుకోవాలి. పెద్దవాళ్ల సంగతి అలా ఉంచండి, ఏడాది లోపు పిల్లలకు ఇది ప్రమాదం. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారుతుంది. పాపకు పాలపొడి కలిపినా, ఉగ్గు చేసినా ఆ నీళ్లు వాడొద్దు. కాచినా వాడొద్దు, కాస్తే నైట్రేట్ ఇంకా చిక్కనవుతుంది. యూవీ గానీ, క్రిములను వడకట్టే యూఎఫ్ పొర గానీ దాన్ని ముట్టుకోవు.

పైపు దగ్గర మంచిగా ఉన్న నీళ్లు సంపులో పాడవుతున్నాయి. డ్రైనేజీ ఛాంబర్ ఎంత దూరంలో ఉందో చూడండి. సంపులో రోజుల తరబడి నిలిస్తే క్లోరిన్ కూడా ఎగిరిపోతుంది.

మర్రిగూడ బిడ్డ:
అన్నా, నేను మొదట చెప్పిందే చెప్తున్నా. నైట్రేట్ ఉందిగా, ఆర్వో తప్పదు.

నీటిబొట్టు:
తప్పుతుంది. బోరు నీళ్లు వంటింటికి రాకుండా చేస్తే నైట్రేట్ రాదు. ఒక్క పైపు వేస్తే తీరే పనికి 60 ఇళ్లూ ఆర్వోలు పెట్టుకుని మూడు వంతుల నీళ్లు పారబోయడం ఎందుకు? మున్సిపాలిటీ నీళ్లను విడిగా చిన్న ట్యాంకులోకి ఎక్కించి వంటింటికి ఇవ్వండి. దానికి యూవీ, యూఎఫ్ కలిసిన మిషను చాలు. యూఎఫ్ పొర రంధ్రాలు మైక్రాన్‌లో నూరో వంతు, బ్యాక్టీరియా దాటలేదు. దాటిన వైరస్‌ను యూవీ చూసుకుంటుంది.

మర్రిగూడ బిడ్డ:
ఏప్రిల్‌లో ట్యాంకర్ వచ్చినప్పుడు? ఆ నీళ్లు ఏ బోరువో మీకు తెలుసా? కమిటీ వాళ్లు పైపు వేసేదాకా పాప ఏం తాగాలి? మీరు నీళ్లు మిగల్చాలంటున్నారు, నేను పిల్లను చూడమంటున్నా. వదిలేసే నీళ్లతో బాత్రూం కడుక్కోవచ్చు. టీడీఎస్ 1,100 ఉన్న నీళ్లు బయటికొచ్చేటప్పుడు 1,450 దాకా ఉంటాయి, అంతకన్నా విషమేమీ కావు.

నీటిబొట్టు:
ట్యాంకర్ మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. పాప సంగతిలో మీతో వాదించను.

నిజాంపేట నాన్న:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ప్లంబర్ సంపు ఖాళీ చేసి లోపలికి దిగాడు. డ్రైనేజీ ఛాంబర్ నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఆ వైపు గోడకు వేలు పట్టేంత పగులు, దానిలోంచి నల్లటి చెమ్మ కారుతోంది. కమిటీ వాళ్లను దించి చూపించాను. ముందు ఖర్చు అన్నవాళ్లు ఆ చెమ్మ చూశాక మాట్లాడలేదు. ఛాంబర్ మార్చి, గోడ పూడ్చి, బ్లీచింగ్‌తో కడిగారు. మొన్న పెట్టిన సీసా రంగు మారలేదు. బోరు లైను విడగొట్టడం వచ్చే నెల మీటింగులో తేలుస్తామన్నారు.

అప్పటి వరకు సంపులో బోరు కలుస్తుంది కాబట్టి ఆర్వో అద్దెకు తీసుకున్నాను, నెలవారీ కట్టేది. అడ్జస్టర్ మర పూర్తిగా మూయించి, బయటికొచ్చే నీళ్లలో నైట్రేట్ చూపించాను. 9 వచ్చింది. లైను విడిపోయాక యూవీ, యూఎఫ్‌కు మారాలని ఉంది, ట్యాంకర్ నెలల సంగతి ఇంకా తేల్చుకోలేదు. బాబు కుదుటపడ్డాడు. కడ్డీల ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. మా అమ్మ తీసి, ఉప్పు డబ్బా దగ్గర పెట్టుకున్నాను, రా నాయనా అంది. ఆయన రాలేదు.

మర్రిగూడ బిడ్డ:
మంచి పని చేశావన్నా. మొదటి ట్యాంకర్ వచ్చిన రోజే సీసా పెట్టి, ల్యాబుకు కూడా ఇచ్చి, ఏమొచ్చిందో ఇక్కడ రాయి. మా అక్క వాళ్ల నీళ్ల రిపోర్టు సోమవారం వస్తుంది, నేనూ పెడతాను.