స్కైలో ఉన్న ఒక్క రోజునూ మార్స్కో కొండకు ఇవ్వవచ్చా?

బాటసారి:
స్కాట్లండ్‌లోని స్కై ద్వీపంలో కొండ నడకకు మాకు దొరికేది ఒక్క రోజే. కూలిన్ శ్రేణిలోని బ్రూఖ్ నా ఫ్రీహ (958 మీటర్లు) ఎక్కుదామని మిత్రులు పట్టుబడుతున్నారు. నాకు మాత్రం స్లిగాకన్ లోయకు తూర్పున ఉన్న మార్స్కో మీద మనసుంది. 736 మీటర్ల కొండ కోసం అంత దూరం వెళ్లడం దండగని వారి వాదన. మీరేమంటారు?

గుట్టలవాసి:
మార్స్కోకే వెళ్లండి. 1891లో సర్ హ్యూ మన్రో 3,000 అడుగులు (సుమారు 914 మీటర్లు) దాటిన స్కాట్లండ్ పర్వతాలకు జాబితా వేసిన నాటి నుంచి, అందులో చోటు దక్కని కొండల వైపు చూసేవారు తగ్గిపోయారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. స్కైకి పేరు తెచ్చిన ఆ నల్లని రంపపు పళ్ల వంటి శిఖరాలను తనివితీరా చూడాలంటే వాటికి ఎదురుగా నిలబడాలి. మార్స్కో కొన మీద నిలబడితే లోయకు ఆవల స్గూర్ నన్ గిల్యన్, దక్షిణాన బ్లావెన్ శిఖరాలు కళ్లెదుటే ఉంటాయి.

దారి కూడా మనబోటి నడక వారికి తగినదే. స్లిగాకన్ నుంచి లోయ వెంట సాగి, ఆల్ట్ నా మెసరాఖ్ అనే వాగు పక్కగా ఎడమకు తిరిగి, మామ్ ఎ ఫోబిల్ కనుమకు చేరాక, పాత కంచె తాలూకు ఇనుప కడ్డీలు పైకి దారి చూపుతాయి. మేము వెళ్లిన రోజు పొగమంచులో పది అడుగుల అవతల ఏమీ కనిపించలేదు. తుప్పు పట్టి, నీటి బొట్లు వేలాడుతున్న ఒక కడ్డీని చేత్తో పట్టుకుని తరువాతి కడ్డీ తేలేదాకా నిలబడ్డాము. చివరి గట్టు సన్నగా ఉన్నా గడ్డి పరచుకుని ఉంటుంది, చేతుల సాయం అక్కరలేదు.

శిలారేఖ:
గుట్టలవాసి గారి మాటతో ఏకీభవించలేను. ఫిన్ కోయిరె అనే గిన్నె లాంటి లోయ మీదుగా వెళితే బ్రూఖ్ నా ఫ్రీహకూ తాడు అవసరం ఉండదు. ఒక్క రోజే ఉన్నవారు కూలిన్ శిఖరాల నల్లని గాబ్రో రాయిని తాకకుండా, పక్కనున్న గ్రానైట్ కొండ ఎక్కి తిరిగి రావడం నాకు లోటుగానే కనిపిస్తుంది. పైగా మార్స్కో దారిలో బురద తక్కువేమీ కాదు.

గుట్టలవాసి:
బురద సంగతి నిజమే, నేనే చెప్పి ఉండవలసింది. భారీ వర్షం కురిసిన మరునాడు వాగు దాటడం కూడా ప్రమాదమే. ఆకాశం తేటగా ఉండి, బృందంలో అందరికీ రాళ్ల నడక అలవాటైతే మీ సూచన మంచిదే. కానీ కూలిన్ రాళ్లలోని అయస్కాంత గుణం వల్ల దిక్సూచి అక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మబ్బు దిగితే కొత్తవారికి అక్కడ ఆధారమే ఉండదు. బాటసారి గారూ, ఉదయం స్లిగాకన్ వంతెన దగ్గర నిలబడి చూడండి. స్గూర్ నన్ గిల్యన్ కొన కనిపించకపోతే మార్స్కో వైపే నడవండి. రానూపోనూ సుమారు 13 కిలోమీటర్లు, ఆరు గంటలు చేతిలో ఉంచుకోండి.